కోర్సు ఫీజు కట్టే ముందు ఎన్వ్‌సబ్‌స్ట్ నేర్చుకో

ప్రశ్న: భీమవరంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారు లీజుకు తీసుకుని నాలుగు రొయ్యల చెరువులు చేస్తున్నారు. డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లపై నడిపించే పని) ఇంటర్వ్యూలో "ఒకే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌ను టెస్టింగ్‌కీ ప్రొడక్షన్‌కీ ఎలా వాడతావు?" అని అడిగారు. రెండు ఫైళ్లు పెట్టుకుంటానన్నాను. సెలెక్ట్ కాలేదు. హైదరాబాద్‌లో కోర్సులో చేరాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే చేరకమ్మా. రెండు ఫైళ్లు పెట్టుకుంటే ఒకటి మార్చి రెండోది మర్చిపోతాం. వాళ్లు పట్టుకున్నది అదే.

చెరువు లీజు కాగితం చూసే ఉంటావు. షరతులన్నీ ముందే అచ్చై ఉంటాయి. పేరు, సర్వే నంబరు, ఎకరాలు మాత్రం ఖాళీ. ఎన్వ్‌సబ్‌స్ట్ (envsubst) అనే చిన్న కమాండ్ నింపేది అలాంటి ఖాళీలనే. ఫైల్‌లో డాలర్ గుర్తు పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు రాస్తే, ఆ చోట ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దానికి అందే పేర్లు, విలువల జాబితాలో) ఉన్న విలువ వస్తుంది. ఇది గ్నూ గెట్‌టెక్స్ట్ అనే టూల్స్ సెట్‌లో భాగం. ఉబుంటులో గెట్‌టెక్స్ట్-బేస్ ప్యాకేజీతో వస్తుంది.

వాడటం పది నిమిషాల్లో వస్తుంది. ఎక్కడ దెబ్బ తింటుందో తెలుసుకోవడానికే టైమ్ పెట్టు. వేరియబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేయడం (మిగతా ప్రోగ్రామ్‌లకు కనిపించేలా చేయడం) మర్చిపోతే ఎర్రర్ రాదు, ఆ చోటు ఖాళీ అయిపోతుంది. ఇన్‌పుట్ ఫైల్ పేరునే అవుట్‌పుట్‌కీ ఇచ్చావనుకో, చదవకముందే షెల్ (మనం టైప్ చేసే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఇంకోటి, నాకు చాలా ముఖ్యమనిపించేది: ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌లో హోస్ట్, యూఆర్‌ఐ లాంటి దాని సొంత పేర్లకూ ముందు డాలరే ఉంటుంది. ఏ పేర్లు మార్చాలో చెప్పకపోతే ఎన్వ్‌సబ్‌స్ట్ వాటినీ తుడిచేస్తుంది. అందుకే మార్చాల్సిన పేర్లను మాత్రం సింగిల్ కోట్స్‌లో పెట్టి ఇవ్వాలి. డబుల్ కోట్స్ పెడితే షెల్ ముందే వాటి విలువలు నింపేస్తుంది. బాష్ షెల్‌లోలా డిఫాల్ట్ విలువ రాసే పద్ధతి ఇందులో పనిచేయదు.

ప్రాజెక్టు ఇంట్లోనే ఉంది. నీటి పరీక్ష రిపోర్టుకు ఒకే టెంప్లేట్ రాయి. చెరువు నంబరు, పీహెచ్, ఉప్పుశాతం వేరియబుల్స్. చిన్న షెల్ లూప్‌తో నాలుగు చెరువులకూ నాలుగు రిపోర్టులు తీయి. తర్వాత డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపిన ఇమేజ్ అనే ప్యాక్ నుంచి నడిపే టూల్) ఎన్జిన్‌ఎక్స్ అధికారిక ఇమేజ్ నడుపు. 1.19 వెర్షన్ నుంచి టెంప్లేట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను అది మొదలయ్యేటప్పుడే ఇలా నింపుకుంటుంది. రెండూ గిట్‌హబ్‌లో పెట్టు. పాస్‌వర్డ్‌లు మాత్రం పెట్టకు. ఎక్కడ తప్పు చేశావో, ఎలా సరిచేశావో రీడ్‌మీలో తెలుగులోనైనా సరే రాసుకో. ఈసారి అదే ప్రశ్న అడిగితే ఆ తప్పుల దగ్గర మొదలుపెట్టి చెప్పు.

దీనొక్కదానితో ఉద్యోగం రాదు. లినక్స్, గిట్, డాకర్ కూడా కావాలి. రెండు నెలలు ఇంటి దగ్గరే చేసి చూడు. అప్పటికీ ఏదైనా అర్థం కాకపోతే, కోర్సు ఫీజు గురించి నాన్నగారిని అప్పుడు అడుగు.