చివరి పేజీ ముందే తిప్పకండి: మిస్టరీ నవలలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇటీవలి ఇంగ్లీషు, జపనీస్ మిస్టరీ నవలల గురించే. రచయితే మొదట్లో చెప్పేసింది తప్ప, జవాబుల్లో ఏ నవల హంతకుడి పేరూ బయటపెట్టలేదు, కాబట్టి చదవనివాళ్లు కూడా నిశ్చింతగా చదువుకోవచ్చు.

ప్రశ్న: ‘మ్యాగ్‌పై మర్డర్స్’ మొదలుపెట్టాను. కొన్ని పేజీలకే వేరే రచయిత పేరుతో ఇంకో నవల మొదలైంది. అది చాలాదూరం నడిచాక ఆఖరి అధ్యాయాలే లేవు! నా కాపీలో ప్రింటింగ్ లోపమా? కొన్నచోట తిరిగి ఇచ్చేయమంటారా? (రాజమండ్రి పాఠకురాలు)

ఇచ్చేయకండి. మీ కాపీలో లోపమేమీ లేదు, అసలు కథే అది. ఆంథొనీ హోరోవిట్జ్ 2016లో రాసిన ఈ నవలలో సూసన్ రైలాండ్ అనే ఎడిటర్ చేతికి ఆలన్ కాన్వే అనే రచయిత కొత్త రాతప్రతి వస్తుంది. ఆమెతో పాటు మనమూ దాన్ని చదువుతాం. 1955, ఇంగ్లండులో ఓ పల్లె. జమీందారు బంగళాలో ఇల్లు చూసుకునే ఆవిడ మెట్ల మీంచి పడి చనిపోతుంది. తర్వాత జమీందారు సర్ మాగ్నస్ తల తెగుతుంది. డిటెక్టివ్ అట్టికస్ పూండ్ గుట్టు విప్పబోయే చోట కాగితాలు అయిపోతాయి. ఈలోగా బయటి కథలో ఆలన్ కాన్వే చనిపోతాడు. ఇక సూసన్ వెతకాల్సినవి రెండు: ఆ పేజీలు ఎక్కడున్నాయి, రచయిత ఎలా పోయాడు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. లోపలి నవల ‘ఉత్తుత్తి కథ’ కదా అని గబగబా తిప్పేస్తారు. బయటి చావుకి సంబంధించిన ఆధారాలు దాన్లోనే ఉన్నాయి. కాన్వే తన చుట్టూ ఉన్నవాళ్లనే పేర్లు మార్చి పల్లెలో పాత్రలుగా పెట్టాడు. అందుకని ఒక తెల్లకాగితం నిలువుగా మడవండి. ఎడమవైపు పల్లెలోని వాళ్ల పేరు, చేసే పని, ఎవరికి ఏమవుతారో రాయండి. కుడివైపు ఖాళీగా వదలండి. సూసన్ కాన్వే పరిచయస్తుల్ని ఒక్కొక్కరినీ కలుస్తున్నప్పుడు ఎవరు ఎవరిలా ఉన్నారో ఎదురుగా రాస్తూ పోండి. లోపలి నవలకీ బయటి కథకీ మధ్య వారం రోజులు విరామం ఇస్తే మాత్రం పేర్లన్నీ కలిసిపోతాయి.

తర్వాతి రెండు భాగాలు ‘మూన్‌ఫ్లవర్ మర్డర్స్’ (2020), ‘మార్బుల్ హాల్ మర్డర్స్’ (2025). వాటిని ముందు చదవొద్దు. రెండోది మొదలవడమే మొదటిదాని తర్వాత సూసన్ ఎక్కడ తేలిందో చెబుతూ మొదలవుతుంది.

ప్రశ్న: ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేశారు. ఇంక మిస్టరీ ఏముంది? పైగా హిందీ సినిమా చూసేశాను. (వరంగల్ పాఠకుడు)

ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన మిస్టరీల్లో మేము అన్నిటికంటే ముందు పెట్టేది ఈ నవలనే, అందుకు కారణం కూడా మీరు అడిగిన ఆ సంగతే. కైగో హిగాషినో దీన్ని జపాన్‌లో 2005లో ప్రచురించారు. నవోకి అనే సాహిత్య బహుమతి వచ్చింది. ఇంగ్లీషులోకి 2011లో వచ్చింది. యాసుకో అనే ఆవిడా, ఆమె కూతురూ పీడిస్తున్న మాజీ భర్తని చంపేస్తారు. పక్క పోర్షన్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆ నేరాన్ని దాచడానికి పూనుకుంటాడు. పోలీసులకి సాయం చేసే భౌతికశాస్త్రవేత్త యుకావా, ఇషిగామి ఒకప్పుడు ఒకే కాలేజీలో చదివారు.

‘ఎవరు’ అన్నది మనకి తెలుసు. ‘ఎలా దాచారు’ అన్నది తెలుసని అనుకుంటాం. ఈ రెండో నమ్మకం మీదే దెబ్బ పడుతుంది. ఇషిగామి పరీక్ష పేపర్ తయారుచేసే పద్ధతి గురించి ఒకచోట మాట వస్తుంది: చూడ్డానికి రేఖాగణితంలా ఉంటుంది, నిజానికది బీజగణితం లెక్క. ఆ మాట దగ్గర పుస్తకం మూసి, పోలీసులు ఇంతవరకూ అడిగిన ప్రశ్నలేమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. మొదటి అధ్యాయంలో ఆయన ఇంటినుంచి స్కూలుకి నడిచే దారి వర్ణన కూడా తీరిగ్గా చదవండి. అక్కడ ఒక్క వాక్యం కూడా అలంకారానికి పెట్టింది కాదు.

2023లో వచ్చిన హిందీ సినిమా ‘జానే జాన్’ కథని కాలింపాంగ్‌కి మార్చి, మనుషుల మధ్య ఆకర్షణకి పెద్దపీట వేసింది. సినిమా చూసినా పుస్తకం చెడదు. రహస్యం తెలిసి చదివితే రచయిత ఎక్కడా అబద్ధం చెప్పలేదని వాక్యం వాక్యానికీ తెలుస్తుంటుంది. మిస్టరీకి మేము పెట్టే పరీక్ష ఇదే: రెండోసారి చదువుతున్నప్పుడు ‘నాకు చెప్పకుండా దాచారు’ అనిపించకూడదు, ‘చెప్పారు, నేనే చూడలేదు’ అనిపించాలి.

ప్రశ్న: జపనీస్ పేర్లు గుర్తుండవు. దేనితో మొదలుపెట్టాలి? (ఖమ్మం)

యుకితో అయత్సుజి ‘ది డెకగాన్ హౌస్ మర్డర్స్’తో. 1987 నాటి నవల, ఇంగ్లీషులోకి 2015లో వచ్చింది. యూనివర్సిటీ మిస్టరీ క్లబ్ విద్యార్థులు ఏడుగురు ఓ దీవిలో పది ముఖాల ఇంట్లో దిగుతారు. వాళ్లు ఒకళ్లనొకళ్లు పిలుచుకునేది ఎల్లరీ, అగాథా, పో లాంటి పాత రచయితల పేర్లతోనే. అందువల్ల సగం బెడద తీరుతుంది. అధ్యాయాలు దీవిలో ఒకరోజు, ఒడ్డున అదే రోజు అన్నట్టు మార్చి మార్చి నడుస్తాయి. రెండింటికీ రెండు వరసలు వేసి ఏ రోజు ఎక్కడ ఏం జరిగిందో ఒక్కో ముక్క రాసుకోండి. ఇంటి ప్లాన్ ఫోన్లో కనపడక ఇబ్బంది పెడుతుంది, స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చేసుకోండి. చివర్లో ఒకే ఒక్క వాక్యంతో నవల అంతా తిరగబడుతుంది. వెనక పేజీలు తిప్పితే ఆ వాక్యం కంటపడే ప్రమాదం ఉంది. పాత్రలు పలచగా ఉంటాయి, మనసు మెలిపెట్టే మనుషుల కోసమైతే ఇది చదవకండి.

ప్రశ్న: మన దేశంలో జరిగే మంచి మిస్టరీలు ఇంగ్లీషులో ఏవి? (హైదరాబాద్ పాఠకురాలు)

ముందు సుజాతా మాసీ ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018). 1921 బొంబాయి. పర్వీన్ మిస్త్రీ అనే పార్శీ లాయరు. చనిపోయిన మిల్లు యజమాని భార్యలు ముగ్గురూ ఘోషాలో ఉంటారు. తమకి రావలసిన ఆస్తిని దానధర్మాలకి వదులుకుంటున్నట్టు వాళ్ల పేరుతో కాగితం వస్తుంది. ఒకావిడ సంతకం ఉండాల్సిన చోట ఇంటూ మార్కు ఉంటుంది. చదవడం రాని మనిషి ఏం రాసుందో తెలిసే ఒప్పుకుందా? మగ లాయరు ఆ గదిలోకి వెళ్లి అడగలేడు. పర్వీన్ వెళ్లగలదు, కానీ కోర్టులో నిలబడి వాదించే హక్కు ఆమెకి లేదు. మన దేశంలో స్త్రీలకి ఆ అడ్డు తొలగించిన చట్టం 1923లో గానీ రాలేదు. ఇలా చట్టమే కథని నడిపిస్తుంది, కాలం వెనకాల వేలాడే తెరలా ఉండిపోదు. ఈ పాత్రకి ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కొర్నీలియా సొరాబ్జీ జీవితం ప్రేరణ.

అబీర్ ముఖర్జీ ‘ఎ రైజింగ్ మ్యాన్’ (2016) 1919 కలకత్తా కథ. ఇంగ్లీషు పోలీసు విండమ్ కన్నా అతని కింద పనిచేసే సురేంద్రనాథ్ బెనర్జీ గట్టి పాత్ర. ఆ పేరు పలకలేక దొరలు ‘సరెండర్ నాట్’ అని పిలుస్తుంటారు. ఆ అవమానాన్ని దిగమింగి ఉద్యోగం చేసే మనిషిని ముఖర్జీ బాగా పట్టుకున్నారు. వసీమ్ ఖాన్ ‘మిడ్‌నైట్ ఎట్ మలబార్ హౌస్’ (2020) 1949 డిసెంబరు 31 రాత్రి హత్యతో మొదలవుతుంది, వేగం కావాలంటే అది. హరిణి నాగేంద్ర ‘ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్’ (2022) తేలికైన చదువు.

వీటిలో చాలావాటికి ఒక చిక్కుంది. బయటి దేశాల పాఠకుల కోసం చీర అంటే ఏమిటో, పాన్ అంటే ఏమిటో చెబుతారు. మొదటి యాభై పేజీలూ ఓపిక పట్టండి, తర్వాత తగ్గుతుంది.

ప్రశ్న: ‘ది హౌస్‌మెయిడ్’ రెండు రోజుల్లో పూర్తి చేశాను. వారం తిరక్కుండానే మర్చిపోయాను. లోపం నాదా? (విజయవాడ)

మీది కాదు. ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసిన ఆ నవలలో అధ్యాయాలు పొట్టివి, ప్రతిదీ ఓ కుదుపుతో ముగుస్తుంది. బయటినుంచి మాత్రమే గడియ పడే అటక గది మంచి ఊహ. అదే నవల రెండో భాగంలో కథ చెప్పే గొంతు మారడమూ బాగుంది. ఆ మలుపు తెలిశాక మళ్లీ చదవడానికి మనుషులు మిగలరు. ప్రయాణంలోకి మంచిదే.

అదే వేగంతో పాటు బరువూ కావాలంటే లిజ్ మూర్ ‘ది గాడ్ ఆఫ్ ది వుడ్స్’ (2024) తీసుకోండి. 1975లో అమెరికా అడవిలోని వేసవి శిబిరం నుంచి ఓ అమ్మాయి మాయమవుతుంది. పద్నాలుగేళ్ల కిందట ఆమె అన్న కూడా అలాగే మాయమయ్యాడు. అధ్యాయం తలమీద కాలాల వరస ఉంటుంది, ఇప్పుడు నడుస్తున్నది మాత్రం ముద్దక్షరాల్లో. అది చూడకుండా దాటిపోతే రెండు తరాల మనుషులు ఒకటే అయిపోయి తికమక పడతారు.

ప్రశ్న: కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగాను. ఇప్పుడు సొంతంగా ఒకటి రాశాను. చదివిన ముగ్గురూ యాభయ్యో పేజీకే హంతకుణ్ణి చెప్పేశారు. ఎక్కడ చెడింది? (గుంటూరు పాఠకుడు)

ముగ్గురూ ఏ వాక్యం దగ్గర పట్టుకున్నారో అడిగి ఆ చోటు గుర్తుపెట్టండి. సాధారణంగా రెంటిలో ఒకటై ఉంటుంది. హంతకుడు కథలో వేరే పనేమీ లేకుండా ఊరికే వచ్చిపోతుంటాడు, పాఠకుడికి వెంటనే అనుమానం వస్తుంది. అతనికి ఒక ఉద్యోగం, ఒక గొడవ, డిటెక్టివ్‌కి నిజంగా పనికొచ్చే ఒక సాయం ఇవ్వండి. లేదా ఆధారాన్ని పేరా చివర పెట్టి ఉంటారు. చివరి వాక్యం చెవిలో మోగుతుంది. దాన్ని మధ్యలోకి జరపండి. బల్లమీద కళ్లజోడు, సగం తాగిన టీ, మందుల చీటీ, బస్సు టికెట్టు ఉన్నాయనుకోండి, ముఖ్యమైనది చీటీ అయితే అది మూడోదిగానే ఉండాలి, వెంటనే ఎవరో తలుపు కొట్టాలి.

వస్తువు కనిపించిన చోటుకీ దాని అర్థం తెలిసే చోటుకీ మధ్య కనీసం మూడు నాలుగు అధ్యాయాలు ఉంచండి. హత్య జరిగిన రోజుకి గంట గంటకీ ఎవరెక్కడున్నారో పట్టిక వేసుకోండి, అది పుస్తకంలో పెట్టనక్కర్లేదు. మార్చి రాశాక ఆ ముగ్గురికి కాకుండా కొత్త వాళ్లకి ఇచ్చి చూడండి, పాతవాళ్లకి జవాబు తెలుసు కదా.