చిన్న షాపుల వేడుక రోజే రోడ్డును మార్చి చూపించండి

మీ ప్రాంతంలోని చిన్న వ్యాపారాల కోసం ఒక వేడుక చేయాలనుకుంటున్నారు. అందులోనే రోడ్డు భద్రత ప్రచారం కూడా కలపాలని కొందరు అంటున్నారు. బండ్లు నెమ్మదిస్తే, పార్కింగ్ తగ్గితే గిరాకీ పోతుందని షాపువాళ్లు భయపడుతున్నారు, వాళ్లను ఎలా ఒప్పించాలని అడిగారు.

వాళ్లు ఒప్పుకుంటారండి. ఒక వ్యాపారుల సంఘంతో కలిసి కొన్నేళ్లుగా ఇలాంటి పనులు చేస్తున్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. వేడుక ఒక పక్క, భద్రత స్టాల్ ఇంకో పక్క పెడితే మాత్రం ఆ స్టాల్ దగ్గర ఎవరూ ఆగరు. చేతికి ఇచ్చిన కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. అలా కాకుండా వేడుక జరిగే రోజున ఆ రోడ్డునే మీకు కావలసిన రీతిలో మార్చి చూపించండి. బండ్లు నిదానంగా కదులుతూ, జనం తీరిగ్గా నడుస్తుంటే వ్యాపారం ఎలా ఉంటుందో షాపువాళ్లు కళ్లారా చూడాలి. సాయంత్రం గల్లాపెట్టె లెక్క కూడా వాళ్లే చూసుకోవాలి.

ముందు వాళ్ల భయం సంగతి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అద్దె, జీతాలు, అప్పు వాయిదాలు నెత్తిన ఉన్నవాళ్లకు ఒక్క వారం గిరాకీ తగ్గినా టెన్షనే. అయితే ఆ భయం చాలాసార్లు తప్పు లెక్క మీద నిలబడుతుంది. బెర్లిన్‌లో రెండు షాపింగ్ వీధుల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. తమ కొనుగోలుదారుల్లో దాదాపు 22 శాతం మంది కారులో వస్తారని అక్కడి వ్యాపారులు అనుకున్నారు. కొనేవాళ్లనే అడిగితే తేలింది 7 శాతం లోపే. ఇంత తేడా ఎందుకొస్తుందో కౌంటర్ పక్కన కాసేపు నిలబడితే తెలుస్తుంది. పార్కింగ్ దొరకలేదని విసుక్కుంటూ లోపలికి వచ్చినవాళ్ల మాట యజమాని చెవిన పడుతుంది. నడిచి వచ్చినవాళ్లు ఎలా వచ్చారో చెప్పరు, ఆయనా అడగడు.

కాబట్టి మీరు అడగండి. వేడుకకు కొన్ని వారాల ముందు ఒప్పుకున్న షాపుల్లో బిల్లు కట్టే చోట ఒకే ఒక్క ప్రశ్న వేయించండి: ఇవాళ ఎలా వచ్చారు? నడిచా, సైకిల్ మీదా, బస్సులోనా, బైక్ మీదా, కారులోనా? షాపువాళ్లే ఒక కాగితం మీద గీతలు గీసుకుంటే చాలు. బయటివాళ్లు తెచ్చిన సర్వేను వాళ్లు నమ్మరు, సొంతంగా గీసుకున్న గీతల్ని నమ్ముతారు. మేం ఇలా చేసినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. షాపుల ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలకుండా ఉన్న బండ్లలో చాలావరకు యజమానులవీ, పనిచేసేవాళ్లవీ. ఎవరినీ తప్పుపట్టకుండా వాటికి కొంచెం దూరంలో చోటు చూపిస్తే, కొత్తగా పార్కింగ్ కట్టకుండానే కొనేవాళ్లకు జాగా దొరికింది.

ఇక వేగం. సమయమంతా దీనిమీదే పెట్టమంటాను. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, పొడి రోడ్డు మీద, డ్రైవరు తేరుకోవడానికి పట్టే ఒక సెకనుతో కలిపి సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50తో వచ్చే కారు ఆ 13 మీటర్లు దాటేసరికి డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే పడదు. అది ఆగడానికి దాదాపు 27 మీటర్లు కావాలి. అంటే 13 మీటర్ల దూరంలో రోడ్డు దాటుతున్న మనిషిని మొదటి కారు తాకదు. రెండోది పూర్తి వేగంతో గుద్దుతుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ 13, 27 మీటర్లను రోడ్డు మీద సుద్దతో గీసి చూపించండి, ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు. పిల్లలు ఆ గీతల మధ్య నడిచి చూస్తారు, పెద్దవాళ్లు మౌనంగా లెక్క వేసుకుంటారు.

‘నెమ్మదిగా వెళ్లండి’ అని బోర్డు పెడితే వేగం తగ్గదు, రోడ్డు ఇరుకుగా కనిపిస్తే తగ్గుతుంది. ఆ ఒక్క రోజుకు కోన్లు, మొక్కల కుండీలు, కుర్చీలతో మలుపుల దగ్గర వెడల్పు తగ్గించండి. న్యూయార్క్ నగరంలో టైమ్స్ స్క్వేర్ అనే రద్దీ కూడలిలో 2009లో చేసింది ఇలాంటిదే. అక్కడి బ్రాడ్‌వే అనే రోడ్డులో కొంత భాగాన్ని బండ్లకు మూసేసి, చవక మడత కుర్చీలు వేసి ప్రయోగంగా మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే దాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. తాత్కాలికమే, నచ్చకపోతే మర్నాడు తీసేస్తాం అంటే షాపువాళ్లకు భయం సగం పోతుంది. ఆ మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి, నిలబెట్టుకోవాలి కూడా.

ఇంకో పని, దాదాపు ఖర్చులేనిది. జీబ్రా క్రాసింగ్‌కూ మలుపుకూ ముందు కొన్ని మీటర్లు ఏ బండీ ఆపకుండా ఖాళీగా ఉంచండి. నిలిపిన వ్యాన్ చాటు నుంచి అడుగు బయట పెట్టే పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు, పిల్లవాడికీ వచ్చే బండి కనిపించదు. అమెరికాలోని హొబోకెన్ అనే చిన్న నగరం కూడళ్ల దగ్గర ఇలా చోటు ఖాళీ చేయించడం మీద పట్టుదలగా పనిచేసింది, వేగ పరిమితి కూడా తగ్గించింది. 2017 జనవరి తర్వాత ఏడేళ్లకు పైగా అక్కడ ఒక్క ట్రాఫిక్ మరణం కూడా జరగలేదు. ఖాళీ అయిన ఆ జాగాలో బెంచీ వేయొచ్చు, సైకిళ్లు పెట్టుకోనివ్వొచ్చు. అవి అడ్డంగా నిలబడి చూపును మూసేయకుండా చూసుకోవాలి, అంతే.

వేడుకల్లో ముద్రల కార్డు పెడుతుంటారు కదా, ఇన్ని షాపులు తిరిగి ముద్రలు వేయించుకుంటే బహుమతి అని. జనాన్ని చిన్న షాపుల్లోకి రప్పించడానికి అది చక్కటి ఉపాయం. కానీ ముద్రలు రోడ్డుకు రెండు వైపులా ఉంటే జనం ఎక్కడపడితే అక్కడ అటూ ఇటూ దాటుతారు, చేతిలో కార్డు, పక్కన పిల్లలు. అందుకని ఒక వైపు షాపులన్నీ ముగించి, క్రాసింగ్ దగ్గర ఒక వలంటీర్ చేత ముద్ర వేయించుకుని అవతలికి వెళ్లేలా వరుస పెట్టండి. నాకు తెలిసినంతలో, మేం ఇలా చేసినప్పుడు ఈ చిన్న మార్పే ఆ రోజు భద్రతకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

వృద్ధులకు ఆ దాటే చోట తొందర పెట్టకండి. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు సరిపోతాయి. 0.8 మీటర్లు నడిచేవారికి 17 సెకన్లకు పైనే కావాలి. సిగ్నల్ ఉంటే ఒకసారి వాచీ పెట్టి చూడండి. చాలకపోతే, వేడుక తర్వాత అధికారులకు ఇచ్చే అర్జీలో మొదటి వాక్యం అదే రాయండి.

సరుకు దిగే వేళలు ముందే మాట్లాడి పెట్టుకోండి, లేకపోతే సరిగ్గా జనం నిండిన వేళకే లారీ వెనక్కి తీసుకుంటూ వస్తుంది. ‘నిమిషాల్లో డెలివరీ’ అనే బోర్డులు వద్దని కూడా షాపులను అడగండి. ఆ నిమిషాల ఒత్తిడి పడేది బైక్ నడిపే కుర్రాడి మీద. అంబులెన్స్‌కు, ఫైరింజన్‌కు దారి వదలడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

తేదీ విషయంలో తికమక పడకండి. జూన్ 27ను ఐక్యరాజ్యసమితి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల దినంగా ప్రకటించింది, మీకు వీలైతే అది బాగుంటుంది. లేకపోతే షాపువాళ్లకు అనువైన రోజే మంచిది.

వేడుక ముగిశాక మీ చేతిలో మూడు కాగితాలు ఉండాలి: ఎలా వచ్చారని అడిగిన లెక్క, ఆ రోజు గిరాకీ ఎలా ఉందో షాపువాళ్లు ఇష్టపడి చెప్పిన మాట, ప్రమాదం తృటిలో తప్పిన చోట్లు గుర్తుపెట్టిన మ్యాపు. ఈ మూడోదానికి షాపువాళ్లను మించిన సాక్షులు లేరు. ఏ మలుపులో బ్రేకులు కీచుమంటాయో, ఏ వేళకు బడిపిల్లలు పరిగెత్తుకుంటూ దాటుతారో గుమ్మంలోంచి రోజూ చూసేది వాళ్లే. పోలీసు రికార్డులో చేరేది ప్రమాదం జరిగాకే. అర్జీ మీద కూడా మొదటి సంతకాలు వాళ్లవే పెట్టించండి. వేగం తగ్గించమని వ్యాపారులే అడుగుతుంటే, వ్యాపారం దెబ్బతింటుందనే సాకు అధికారుల దగ్గర చెల్లదు.

మీది డివైడర్ ఉన్న రోడ్డా, లేనిదా? అది చెబితే దాటే చోటు ఎక్కడ పెట్టాలో ఇంకొంచెం వివరంగా రాస్తాను.