ప్రోటీయోలిపిడ్ మీద పరిశోధన మొదలుపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

నాడీ తంతువుల చుట్టూ చుట్టుకుని ఉండే కొవ్వు పొర మైలిన్‌లోని ప్రోటీయోలిపిడ్ ప్రొటీన్‌ను పీహెచ్‌డీకి ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. నా ఉద్యోగ జీవితమంతా మెదడు కొవ్వుల రసాయనంతోనే గడిచింది కనుక, ప్రయోగశాలలో అడుగుపెట్టకముందే నీకు తెలిసి ఉండాలని నాకనిపించినవి రాస్తున్నాను. ఈ ప్రొటీన్ విషయంలో అది ఉందా లేదా అన్న ప్రశ్న చాలదు. ఎంత ఉంది, ఏ వయసులో చూశాము అన్న రెండు ప్రశ్నలను ప్రతి ప్రయోగానికీ ముందు వేసుకో.

1951లో జోర్డి ఫోల్క్, మార్జొరీ లీస్ మెదడు శ్వేతపదార్థాన్ని క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమంతో కరిగించినప్పుడు, నీటిలో ఉండవలసిన ప్రొటీన్ కొవ్వులతో పాటు ఆ ద్రావణిలోకి వచ్చేసింది. ప్రోటీయోలిపిడ్ అన్న పేరు వాళ్లు దానికి అప్పుడు పెట్టిందే. రెండు పాళ్ల క్లోరోఫాం, ఒక పాలు మిథనాల్ అన్న ఆ పద్ధతి 1957 నాటి వ్యాసంతో లోకమంతా పాకింది. కిట్లు ఎన్ని వచ్చినా ఆ పని ఒక్కసారైనా నీ చేత్తో చెయ్యి. పాలిస్టైరీన్ గొట్టాలను క్లోరోఫాం కరిగించేస్తుంది కనుక గాజు గొట్టాలు, టెఫ్లాన్ పొర ఉన్న మూతలు మాత్రమే వాడు, ఫ్యూమ్ హుడ్ బయట ఆ సీసా తెరవవద్దు. మైలిన్‌ను విడిగా తీయడానికి నార్టన్, పొదుస్లో 1973లో ఇచ్చిన సుక్రోజ్ పద్ధతి ఇప్పటికీ నమ్మదగినదే: 0.32, 0.85 మోలార్ ద్రావణాలు కలిసే చోట మైలిన్ తేలి నిలుస్తుంది, దాన్ని చల్లటి నీటితో ఉబ్బించి మళ్లీ సుక్రోజ్ మీద వేయాలి. మొత్తం మెదడు రుబ్బులో కొలిచిన అంకెను మైలిన్ అంకెగా ఎప్పుడూ రాయవద్దు.

ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద వేసే ముందు నమూనాను మరిగించవద్దు. పొర గుండా నాలుగుసార్లు దూరి, కొవ్వు ఆమ్లాలను తగిలించుకుని ఉండే 276 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ మరిగిస్తే గుంపుకట్టి జెల్ పైభాగంలోనే ఆగిపోతుంది. అప్పుడు ఎంతో ప్రొటీన్ ఉన్న నమూనా కూడా ఖాళీగా కనిపిస్తుంది. తక్కువ వేడిలో ఉంచి చూడు. జెల్ మీద దాని పక్కనే కాస్త చిన్నదైన డీఎం20 రూపం కూడా కనిపిస్తుంది. 35 అమైనో ఆమ్లాలు తక్కువైన ఆ రూపం ఇదే జన్యువు నుంచి వచ్చేదే కనుక, రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టు. కేంద్ర నాడీమండలపు మైలిన్‌లోని మొత్తం ప్రొటీన్‌లో ప్రోటీయోలిపిడ్ ప్రొటీన్ సగం ఉంటుందని పాత పుస్తకాలు చెబుతాయి. అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో అంతకన్నా తక్కువ అంకెలు వచ్చాయి. అంకె కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది కనుక, ఏ పద్ధతో చెప్పకుండా అంకె ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ఇక మోతాదు సంగతి. 1885లో పెలిట్సియస్ ఒక కుటుంబంలో చూసి, 1910లో మెర్ట్స్‌బాకర్ మళ్లీ వివరించిన, వాళ్ల పేర్లతోనే పిలిచే, మైలిన్ సరిగా ఏర్పడని వ్యాధికి కారణం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న, ఈ ప్రొటీన్‌ను తయారుచేయించే పీఎల్‌పీ1 జన్యువు. ఆ రోగులలో ఎక్కువమందికి జన్యువులో అక్షరదోషమేదీ ఉండదు, మామూలు జన్యువే ఒకటికి బదులు రెండు ప్రతులు ఉంటుంది. జన్యువు పూర్తిగా లేని వారికి వచ్చే జబ్బు అంతకన్నా నెమ్మదిగా ఉంటుంది. కొన్ని ఉత్పరివర్తనల వల్ల ముడత సరిగా పడని ప్రొటీన్ కణంలోనే చిక్కుకుపోయి, మైలిన్ తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్‌లనే చంపుతుంది. లేకపోవడం కన్నా ఎక్కువ కావడం, వంకరగా తయారుకావడం ప్రమాదమన్న ఈ సంగతిని నువ్వు ఒంటబట్టించుకుంటే, కణాల్లోకి జన్యువును కుమ్మరించి వచ్చిన ఫలితాన్ని సహజస్థితి అనుకోవు.

వయసు మాట దీనికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మైలిన్ అంటే కరెంటు తీగ మీది తొడుగు అని మనం బడిలో నేర్చుకున్నాము, ఆ పోలిక సంకేతాల వేగాన్ని వివరిస్తుంది కానీ లోపలి ఆక్సాన్‌కు, అంటే నాడీకణపు పొడవైన తంతువుకు, ఆ పొర చేసే పోషణను దాచేస్తుంది. ఈ ప్రొటీన్ లేని ఎలుకలు చిన్న వయసులో దాదాపు మామూలుగానే ఉంటాయి, వాటి మైలిన్ కూడా పొరలుగా చుట్టుకునే ఉంటుంది. అక్కడే ప్రయోగం ఆపితే ఇది అంత అవసరమైనది కాదని రాసేవాళ్లం. ఆక్సాన్లు ఉబ్బి క్షీణించడం తర్వాత మొదలవుతుందని 1998లో గ్రిఫిత్స్ బృందం సైన్స్ పత్రికలో చూపింది. కాబట్టి మైలిన్ రంగు వేసిన ప్రతి కోతకు పక్కనే ఆక్సాన్ చూపే కోత ఒకటి తీయి, కొన్ని ఎలుకలను ముసలివి కానివ్వు. దానికి గైడ్ దగ్గర కాలమూ డబ్బూ అడగవలసి వస్తుంది, మొహమాటపడకుండా మొదట్లోనే అడుగు.

రోగనిరోధక వ్యవస్థే మైలిన్ మీద దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ వైపు వెళ్తే, ఈ ప్రొటీన్‌లోని 139 నుంచి 151 వరకు ఉన్న అమైనో ఆమ్లాల ముక్కతో ఎస్‌జేఎల్ అనే జాతి ఎలుకల్లో తగ్గుతూ మళ్లీ తిరగబెట్టే జబ్బు తెప్పించవచ్చు. అది మనం కల్పించిన జబ్బు, మనిషి జబ్బు మూలం కాదు. ఎప్‌స్టైన్ బార్ వైరస్ సోకిన తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పు ఎంతో పెరుగుతుందని 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాల నుంచి తేలింది, ఎలుక నమూనా ఒక్కటే పట్టుకుని కూర్చుంటే అటువంటి ప్రశ్న మనకు తట్టదు.

పిల్లల వైద్యులతో కూడా మాట్లాడుతూ ఉండు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బిమల్ కుమార్ బచావత్ గారు మైలిన్‌ను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ మీద పనిచేసిన రోజుల్లో రసాయనశాలకూ పిల్లల మంచానికీ మధ్య దూరం ఉండేది కాదు, మన దేశపు నాడీ రసాయనానికి అది మంచి మొదలు. నెలల పిల్లవాడికి కనుగుడ్లు అదిరి, తల నిలవక, సెరిబ్రల్ పాల్సీ అన్న పేరు పడిపోయిన కేసులలో కొన్ని పెలిట్సియస్ మెర్ట్స్‌బాకర్ జబ్బే అయి ఉంటాయి. మామూలు సీక్వెన్సింగ్ నివేదిక శుభ్రంగా ఉందని చెప్పినా, రెండో ప్రతి ఉందా అని చూసే ఎంఎల్‌పీఏ పరీక్ష చేశారా అని అడుగు. 2020లో ఆ ప్రొటీన్‌ను అణచే యాంటీసెన్స్ మందుతో, ఇదే జన్యువులో దోషంతో పుట్టి మూడు వారాలకే చనిపోయే జింపీ ఎలుకలు నెలల తరబడి బతికాయి. ఆ వార్త చదివి తల్లిదండ్రులు నీ దగ్గరకు వస్తే, అది ఎలుకల్లో పుట్టగానే ఇచ్చిన మందు అని స్పష్టంగా చెప్పు, మాట ఇవ్వవద్దు.

మొదటి ఏడాది ప్రణాళిక రాసుకున్నాక, ఏయే వయసుల ఎలుకల నుంచి కణజాలం తీస్తావో, ఎన్నెన్ని పెట్టుకున్నావో ఆ పట్టిక నాకు పంపు. గైడ్‌కు ఇచ్చే ముందే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న