నెల దాటినా పర్వాలేదు, మీ అమ్మగారిని రమ్మనండి

మీ మామగారు పోయి నెల దాటింది. మీ నాన్నగారికి ఒంట్లో బాగోలేక పుట్టింటివాళ్ళు పెద్దకర్మకు రాలేకపోయారు. అప్పటినుంచి అత్తగారు, ఆడపడుచు ముభావంగా ఉంటున్నారు. ఇప్పుడొచ్చి పలకరిస్తే మానుతున్న పుండు రేపినట్టవుతుందేమో అని అడిగారు. రమ్మనండి. ఫోన్‌లో సర్దిచెప్పించడం మాత్రం వద్దు. ఆ పని చేసి నేను నాలుగు నెలలు బాధపడ్డాను.

మాది తణుకు, అత్తవారిది కరీంనగర్ దగ్గర పల్లె. 2014లో మా మామయ్య పోయారు. అమ్మానాన్న రాత్రికి రాత్రి బయల్దేరి దహనానికి అందుకున్నారు. పదకొండో రోజు దినాలకు మాత్రం రాలేకపోయారు. నాన్నకు హెర్నియా ఆపరేషన్ అయింది, అమ్మ ఆయన్ని వదిలి కదల్లేని పరిస్థితి. తమ్ముణ్ణి పంపారు. వాడికప్పుడు ఇరవై రెండేళ్ళు. చేతిలో పళ్ళ సంచీ తప్ప ఏమీ లేదు. బట్టలు పెట్టే ఆనవాయితీ మా వైపూ ఉంది, కానీ ఆ హడావుడిలో వాడికి చెప్పి పంపినవాళ్ళు లేరు. నాకూ తట్టలేదు.

మధ్యాహ్నం కొడుకులిద్దరినీ చాప మీద కూర్చోబెట్టారు. మా తోడికోడలి నాన్నగారు అత్తమ్మకు చీర, అల్లుడికి పంచె, కండువా పెట్టి, అతని భుజం పట్టుకుని ఏడ్చారు. తర్వాత మావారి వంతు. "పెద్దోని అత్తగారోళ్ళు ఏరి?" అని ఒక పెద్దాయన అడిగారు. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి మా ఆడపడుచు లోపలికెళ్ళి ఒక కొత్త తువ్వాల తెచ్చి మావారి భుజాల మీద కప్పింది. దానికి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. ఆయన దాన్ని మెల్లగా మడత లోపలికి తోసుకున్నారు.

అత్తమ్మకు బట్టల మీద ఆశేమీ లేదు. తండ్రి పోయిన రోజుల్లో తన కొడుకు నలుగురిలో వెనకాల ఎవరూ లేనివాడిలా కూర్చున్నాడన్నదే ఆవిడ బాధ. అది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈలోపు నేను చేసిందల్లా సంజాయిషీలు చెప్పడం. ఆపరేషన్ అనీ, డాక్టర్ ప్రయాణం వద్దన్నారనీ. అమ్మ ఫోన్ చేసి "వదినగారూ, ఆయనకు ఒంట్లో..." అని మొదలుపెట్టగానే అత్తమ్మ "అవునమ్మా, పాణం ముఖ్యం గదా" అని ఫోన్ నా చేతికిచ్చేది. భర్తను పోగొట్టుకున్న మనిషి ముందు ఎవరి ఆపరేషన్ గురించి మాట్లాడినా అది చిన్న విషయమే. ఇంట్లో ఒకటే టెన్షన్.

నాలుగో నెలలో నాన్న లేచి తిరగడం మొదలుపెట్టాక అమ్మ ఒక్కతే వచ్చింది. ఆపరేషన్ మాట ఎత్తలేదు. మామయ్య ఫోటో ముందు కాసేపు కూర్చుని, తర్వాత అత్తమ్మ పక్కన నేల మీద కూర్చుని, "ఆ రాత్రి అన్నయ్యగారికి ఎలా అయింది వదినా?" అని అడిగింది. అన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను ఆ మాట అడగలేదు. అత్తమ్మ గంటసేపు చెప్పింది. ఆయన మంచినీళ్ళు అడిగారట. చెంబు కడిగి తెచ్చేసరికే అయిపోయిందట. "కడగకుంట ఇచ్చినా అందుతుండెనేమో" అని అప్పుడు ఏడ్చింది. అమ్మ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు, చెయ్యి పట్టుకుని కూర్చుంది. మర్నాడు ఎవరినీ పిలవకుండా అత్తమ్మకు చీర, మావారికి పంచెలచాపు పెట్టింది. దినాలయ్యాక దగ్గరివాళ్ళు ఆ ఇంటివాళ్ళను నిద్రకు తీసుకెళ్తారు కదా, అలా అత్తమ్మను తణుకు తీసుకెళ్ళింది. ఒక్క రాత్రికని వెళ్ళిన మనిషి మూడు రాత్రులు ఉంది.

2019లో మా నాన్న పోయినప్పుడు అత్తమ్మ తెల్లారేసరికి మా గుమ్మంలో ఉంది. కర్మ రోజున, తమ్ముడికి పెళ్ళి కాలేదు కాబట్టి పెట్టడానికి అత్తవారు లేరని ముందే ఆలోచించి, వాడికి పంచె, కండువా తనే తెచ్చింది.

ఇక మీ సంగతి. ముందు మీ ఆడపడుచుతో మాట్లాడండి. పలకరింపుకు ఏ వారాలు పట్టింపో, బట్టలు ఎవరెవరికి పెట్టాలో ఆవిడ్నే అడగండి. మాసికం రోజున రావచ్చంటే మరీ మంచిది. నాన్నగారు ప్రయాణం చేయలేకపోతే అమ్మగారు, మీ అన్నయ్యో తమ్ముడో వస్తే చాలు. మీవారిని మాత్రం మధ్యలో పెట్టి కబుర్లు మోయించకండి. ఆయన తండ్రి పోయి నెలే అయింది.

ఇంటి కాగితాల మీద సంతకాల గొడవ నడుస్తోందని కూడా రాశారు. ఆ మాట మీ పుట్టింటివాళ్ళ నోట రాకూడదు. మామగారు వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటా. ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ వస్తుంది. భర్త ఉన్న కోడలికి అందులో వాటా లేదు. అది వాళ్ళు తేల్చుకుంటారు.

మీ నాన్నగారి ఆరోగ్యం గురించి మీలో ఉన్న దిగులు కూడా చిన్నదేం కాదు. పెళ్ళైన ఆడపిల్లకు అత్తింటి మైల పది రోజులు, కన్నవాళ్ళు పోతే మూడు రోజులే అని లెక్క చెబుతారు. మనసుకు ఆ లెక్క పట్టదు. అత్తగారి ముందు చెప్పుకోలేనిది మీవారితో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకోండి. కుదిరితే ఇద్దరూ కలిసి వెళ్ళి నాన్నగారిని చూసి రండి.

లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదని అమ్మగారికి తెలిసే ఉంటుంది. కూడా వచ్చేది కుర్రాడైతే వాడికి ముందే చెప్పండి, బట్టల సంచీ కూడా వాడి చేతికే ఇచ్చి పంపమనండి.