అంకెలు సరే, నడిస్తే ఆక్సిజన్ ఎంత ఉంటోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 64 ఏళ్లు. 2021 మేలో కరోనా వచ్చి వారం పైగా ఆక్సిజన్ మీద ఉన్నారు. అప్పటి ఫైల్లో సీఆర్‌పీ 96, ఎల్‌డీహెచ్ 610, డీ-డైమర్ 1800 అని ఉంది. ఇప్పటికీ మేడ మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో తెలియాలంటే ఆ రక్తపరీక్షలన్నీ మళ్లీ చేయించమంటారా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఆ అంకెలు అప్పటి జబ్బు తీవ్రతను చెప్పాయి. ఈరోజు ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో వాటితో తెలియదు.

సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షనో వాపో వచ్చినా పెరుగుతుంది, తగ్గితే కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. డీ-డైమర్ రక్తపు గడ్డలు కరిగేటప్పుడు పుడుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. ఎల్‌డీహెచ్ అయితే, కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము. కరోనా వార్డులో అది రోజురోజుకూ పెరుగుతుంటే నాకు గుండె గుభేల్‌మనేది. కానీ కాలేయంలో, కండరాల్లో, ఎర్రకణాల్లో కూడా అది ఉంటుంది. శాంపిల్ తీసేటప్పుడు ఎర్రకణాలు చితికినా అంకె పెరిగిపోతుంది. వీటికంటే ఊపిరితిత్తులకు దగ్గరి గుర్తు కేఎల్-6. గాలి గదుల గోడల్లోని కణాల నుంచి వస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులకు జపాన్‌లో ఎప్పటినుంచో వాడుతున్నారు. మన దగ్గర మామూలు ల్యాబుల్లో దొరకదు, మీరు దానికోసం తిరగక్కర్లేదు.

నాన్నగారిని ఛాతీ వైద్యుడికి చూపించండి. వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఆరు నిమిషాలు నడిపిస్తారు. కూర్చున్నప్పుడు 97 ఉన్న ఆక్సిజన్ నడిస్తే 92కి పడిపోతే, అది నాకు పది రక్తపరీక్షల కంటే ఎక్కువ చెబుతుంది. ఊపిరితిత్తుల పనితీరు చెప్పే పీఎఫ్‌టీ పరీక్షతో పాటు డీఎల్‌సీఓ కూడా చేయించండి. గాలి రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో అందులో తెలుస్తుంది. అవసరమైతే సీటీ. ఆయాసానికి కరోనాయే కారణమని మాత్రం ముందే తేల్చుకోవద్దు. ఈ వయసులో హిమోగ్లోబిన్, ఈసీజీ, ఎకో కూడా చూడాల్సిందే.

పాత చీటీ చూసి స్టెరాయిడ్ మాత్రలు దయచేసి కొనొద్దు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మేలు చేసింది ఆక్సిజన్ అవసరమైన రోగులకే, అదీ జబ్బు ముదిరిన ఆ రోజుల్లో.

ఆయాసం ఉన్నట్టుండి పెరిగినా, ఒక కాలు మాత్రమే వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకపోతే టెన్షన్ పడకుండా ఈ వారంలో చూపించండి. పాత సీటీ ఫిల్ము, డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా పట్టుకెళ్లండి.