దఖ్లా కోట ఎక్కడ?

ప్రశ్న: పటాల్లో ఆఫ్రికా వాయవ్య తీరంలోని పశ్చిమ సహారాను చుక్కల గీతతో చూపిస్తారు. అక్కడి దఖ్లాలో స్పెయిన్ వాళ్లు కోట కట్టారట. ఎడారి కోసం కట్టిన కోట సముద్రం ఒడ్డున ఎందుకుంది? ఇప్పుడు చూడొచ్చా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చూడలేరండీ. 2004లో మొరాకో అధికారులు దాన్ని పడగొట్టించారు. స్పెయిన్ కాలం నాటి కేథలిక్ చర్చి జోలికి కూడా వెళ్లబోతే స్థానిక సహ్రావీలు అడ్డుపడ్డారు. అందుకే చర్చి మిగిలింది.

ఇక ఒడ్డున ఎందుకంటే, ఆ కోటకు ఎడారితో పెద్దగా పనిలేదు. 1884 నవంబరులో ఎమిలియో బొనెల్లీ అనే స్పెయిన్ సైనికాధికారి అక్కడ జెండా పాతి, ఆ చోటికి వియా సిస్నెరోస్ అని పేరు పెట్టాడు. సుమారు 40 కిలోమీటర్ల పొడవున్న సన్నటి ద్వీపకల్పం, దాని వెనక అలల్లేని అఖాతం. వ్యాపారానికీ, అట్లాంటిక్‌లో స్పెయిన్‌కే చెందిన కనరీ దీవుల జాలర్లకూ బాగా పనికొచ్చే చోటు. 1885 మార్చిలో స్థానిక తెగలవాళ్లు వ్యాపార స్థావరం మీద పడి కొందరిని చంపాక సైనికులు వచ్చారు, కోట లేచింది. చిక్కంతా నీళ్లతోనే. అక్కడి బావినీళ్లు ఉప్పన, మంచినీళ్లు కనరీ దీవుల నుంచి ఓడల్లో రావాలి. అలాంటి దండు ఒడ్డు వదిలి ఎంత దూరం పోగలదు? 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఎడారి లోపలున్న స్మారా పట్టణంలో స్పెయిన్ సైన్యం అడుగుపెట్టింది 1934లో, అంటే జెండా పాతిన 50 ఏళ్లకు!

ఈలోగా కోట ప్రవాస శిక్షకు పనికొచ్చింది. స్పెయిన్‌లో రిపబ్లిక్ ప్రభుత్వం మీద 1932 ఆగస్టులో జరిగిన తిరుగుబాటు విఫలమయ్యాక రాచరికవాదులను అక్కడికి పంపారు. ఆ ఏడాది ఆఖర్లో 29 మంది ఒక ఫ్రెంచి చేపల పడవెక్కి పోర్చుగల్ చేరుకున్నారు.

ప్రశ్న: మరి ఆ నేల ఎవరిది?

జవాబు: అది తేలకే చుక్కల గీత. 1884లో అది 'ఎవరిదీ కాని నేల' కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 1975 అక్టోబరు 16న చెప్పింది. అక్కడ నాయకులున్న తెగలు ఉన్నాయి, వాళ్లతో ఒప్పందాలు చేసుకున్నానని స్పెయినే రాసుకుంది. అలాగని మొరాకోకు గానీ, మారిటేనియాకు గానీ సార్వభౌమాధికారం ఉందనీ కోర్టు అనలేదు. అయినా స్పెయిన్ ఆ నేలను వాళ్లిద్దరికీ వదిలి 1976లో వెళ్లిపోయింది. దఖ్లా మొదట మారిటేనియా చేతికి, 1979 ఆగస్టులో మొరాకో చేతికి పోయింది. ఐక్యరాజ్యసమితి మాత్రం 1963 నుంచీ ఈ ప్రాంతాన్ని స్వపరిపాలన లేని భూభాగాల జాబితాలోనే ఉంచింది.

పాత పటాల్లో 'దఖ్లా' అని వెతికితే దొరక్కపోవచ్చు. వియా సిస్నెరోస్ అనో, స్పెయిన్ వాళ్లు ఆ ప్రాంతాన్ని పిలిచిన రియో దె ఓరో అనో చూడండి.