జపాన్‌లో తన కంపెనీ కోసం పేటెంట్ లాయరును వెతుకుతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు,

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశాను. ఛాంబర్స్, ఐఏఎం పేటెంట్ 1000, మేనేజింగ్ ఐపీ, ఇలా దొరికిన ప్రతి లాయర్ల ర్యాంకింగు లిస్టులోంచీ జపాన్ ఫర్ముల పేర్లు ఏరి, పై వరసలో ఉన్నవాళ్లకు పసుపు రంగు పూసి, "వీళ్లలో నంబర్ వన్ ఎవరో చెప్పు పెదనాన్నా, రేపే మెయిల్ పెట్టేస్తా" అన్నావు. రేపే పెట్టకు. మన హైదరాబాద్ మందుల కంపెనీల వాళ్లకు ఒక అలవాటుంది, మొదటి మెయిల్లోనే తయారీ స్టెప్పులన్నీ చూపే రియాక్షన్ స్కీమ్ అంతా పీడీఎఫ్ చేసి అటాచ్ చేసేస్తారు. తీరా చూస్తే ఆ ఫర్ము, మందు మొదట కనిపెట్టిన ఒరిజినల్ కంపెనీకి ఏళ్ల తరబడి పనిచేస్తున్నదై ఉంటుంది. మొదటి మెయిల్లో మీ కంపెనీ పేరు, ఎదుటి కంపెనీ పేరు, ఆ పేటెంట్ నంబరు ఉంటే చాలు. కాన్‌ఫ్లిక్ట్ లేదని, అంటే ఎదుటి కంపెనీ తమ క్లయింటు కాదని, వాళ్లు రాసి పంపేదాకా మీ తయారీ రూట్ ఏమిటో, ఏ ఇంటర్మీడియట్ రసాయనం నుంచి మొదలుపెడుతున్నారో ఒక్క ముక్క కూడా బయటికి వెళ్లకూడదు.

ఈ కాన్‌ఫ్లిక్ట్ గొడవ అక్కడ మనం అనుకునే దానికంటే పెద్దది. టోక్యోలో పేరున్న ఫర్ములకు పేరున్న మందుల కంపెనీలతో దశాబ్దాల అనుబంధం ఉంటుంది. ఇరుపక్షాల పనీ చేయకూడదని లాయర్ల చట్టం ఎలాగూ చెప్తుంది, చట్టం అడ్డురాని చోట కూడా మొహమాటం అడ్డొస్తుంది. పాత క్లయింటు నొచ్చుకుంటాడేమోనని జెనరిక్ పక్షం కేసులు అసలు ముట్టుకోని వాళ్లున్నారు. కాబట్టి నీ పసుపు రంగు పేర్లలో చాలా భాగం ఈ ఒక్క మెట్టు దగ్గరే రాలిపోవచ్చు. వాళ్లు "ఈసారికి సాయం చేయలేకపోతున్నాం" అని రెండు లైన్లు రాసి ఊరుకుంటారు, కారణం చెప్పరు, నువ్వూ అడగకు.

ర్యాంకింగులు బోగస్ అని నేను అనట్లేదు. అవి ఎలా తయారవుతాయో తెలిసి చదివితే పనికొస్తాయి. ఫర్ములు తాము చేసిన పనుల వివరాలు, ఫోన్ చేసి కనుక్కోవడానికి క్లయింట్ల పేర్లు ఇస్తాయి, ఆ సంస్థల రీసెర్చర్లు వాళ్లతో మాట్లాడి వరసలు పెడతారు. అందువల్ల ఇంగ్లిష్‌లో బాగా రాసుకోగలిగి, విదేశీ క్లయింట్లు ఎక్కువగా ఉన్న ఫర్ములు పైన కనబడటం సహజం. పదిమంది ఉన్న ఆఫీసులో కూర్చుని ఇరవై ఏళ్లుగా ఫార్మా పేటెంట్లు కొట్టేయించే పనే చేస్తున్న మనిషి ఆ లిస్టులో ఎక్కడో కిందుండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు.

ఇంకో సంగతి, నీ షీట్‌లో బెన్‌రిషినీ బెంగోషినీ కలిపేశావు. బెంగోషి అంటే కోర్టు లాయరు. బెన్‌రిషి అంటే పేటెంట్ అటార్నీ, ఎక్కువమంది సైన్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్లు, టోక్యో కసుమిగసెకిలోని పేటెంట్ ఆఫీసు ముందు ఫైలింగ్, ఎగ్జామినర్ అబ్జెక్షన్లకు జవాబు, గ్రాంట్ అయిన పేటెంట్‌ని వ్యతిరేకించే అపోజిషన్, అది చెల్లదని వాదించే ఇన్‌వాలిడేషన్ ట్రయల్, ఇవన్నీ వాళ్ల చేతిమీదే నడుస్తాయి. పేటెంట్ ఆఫీసు నిర్ణయం మీద పేటెంట్ల లాంటి మేధో హక్కుల కేసులు వినే ఐపీ హైకోర్టుకి వెళ్తే అక్కడా బెన్‌రిషి వాదించొచ్చు. ఉల్లంఘన దావా అయితే మాత్రం బెంగోషి ఉండాల్సిందే, ప్రత్యేక పరీక్ష పాసైన బెన్‌రిషి పక్కన జతగా నిలబడొచ్చు. ఈ జత పద్ధతి 2002లో చట్టం మార్చాక వచ్చింది. ఫార్మా కేసులో ఈ ఇద్దరి మధ్య పొత్తు ఎలా ఉందన్నదే నేను మొదట చూసేది. ఒకే గొడుగు కింద ఇద్దరూ ఉన్న ఫర్ములున్నాయి, వేర్వేరు ఆఫీసుల వాళ్లు ప్రతి కేసుకీ కలిసి పనిచేసేవీ ఉన్నాయి, రెండూ మంచివే. కెమిస్ట్రీ రాని లాయరు, కోర్టు తెలియని బెన్‌రిషి విడివిడిగా మెయిళ్లు రాస్తుంటే మధ్యలో నలిగేది నువ్వు.

మీకున్న పనులు మూడు రకాలు. మీ సొంత ప్రాసెస్ పేటెంట్‌ని, అంటే తయారీ పద్ధతి మీదున్న పేటెంట్‌ని, పీసీటీ అనే అంతర్జాతీయ అప్లికేషన్ నుంచి జపాన్‌లో ఎంటర్ చేయించడం ఒకటి. ఒరిజినల్ కంపెనీకి మందు స్ఫటిక రూపం మీదున్న క్రిస్టల్ పేటెంట్, ప్రాసెస్ పేటెంట్ మీకు అడ్డమో కాదో ఒపీనియన్ తీసుకోవడం ఇంకోటి. రేపు మీ జపాన్ పార్ట్‌నర్ మీద దావా పడితే నిలబడటం మూడోది. మూడింటికీ ఒకే ఫర్ము అక్కర్లేదు. మొదటి పనికి అసమురా, సుగిమురా, షిగా, సోయెయి లాంటి పేటెంట్ ఆఫీసులు ఉన్నాయి, అసమురా అయితే 1891 నాటిది. ఫైలింగూ కోర్టూ రెండూ ఒకే చోట చూసే పాత ఇళ్లు యువాసా అండ్ హారా, నకమురా అండ్ పార్ట్‌నర్స్, ఒకటి 1902లో, రెండోది 1914లో మొదలయ్యాయి. 1990లో పెట్టిన టీఎంఐలో లాయర్లతో పాటు బెన్‌రిషిలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. నిషిమురా, నగషిమా ఓహ్నో, మోరి హమదా, ఆండర్సన్ మోరి ఈ నాలుగూ మహా ఫర్ములు, కంపెనీ కొనుగోళ్ల నుంచి కోర్టు దాకా అన్నీ చేస్తాయి, గంటకి ఫీజు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఒసాకాలో ఓహ్-ఎబాషి, అఒయామా ఉన్నారు. పేటెంట్ దావాలు వినే జిల్లా కోర్టులు దేశం మొత్తానికీ టోక్యో, ఒసాకా రెండే, మందుల కంపెనీలు ఒసాకా చుట్టుపక్కల బోలెడున్నాయి, అందుకే ఆ ఊరిని వదిలేయకు. ఇదేమీ నేనిచ్చే ర్యాంకింగ్ కాదు, వెతకడానికి చోటు చూపిస్తున్నానంతే.

ఇప్పుడు అసలు వెతుకులాట. దీనికి డబ్బు ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి. జే-ప్లాట్‌పాట్ అని పేటెంట్ ఆఫీసు వాళ్ల ఉచిత డేటాబేస్ ఉంది, ఇంగ్లిష్‌లో కూడా పనిచేస్తుంది. మీ మాలిక్యూల్ మీదున్న ప్రతి జపాన్ పేటెంట్ తెరిచి దాన్ని ఫైల్ చేసిన ఏజెంట్ ఎవరో రాసుకో, వాళ్లంతా నీ లిస్టులోంచి అవుట్. తర్వాత అవే పేటెంట్ల మీద అపోజిషన్ గానీ ఇన్‌వాలిడేషన్ ట్రయల్ గానీ పడిందేమో చూడు. పడితే ఎదుటి పక్షాన ఎవరు నిలబడ్డారో, గెలిచారో ఓడారో, ఏ ఆధారం మీద గెలిచారో అందులోనే ఉంటుంది. ఆ తర్వాత ఐపీ హైకోర్టు సైట్‌కి వెళ్లు. తీర్పు మొదటి పేజీల్లోనే ప్రతి పార్టీ పేరు కింద వాళ్ల బెంగోషిల పేర్లు, వాటి కింద సాయంగా నిలబడ్డ బెన్‌రిషిల పేర్లు వరసగా అచ్చయి ఉంటాయి. జపనీస్ రాదని భయపడకు, మెషిన్ ట్రాన్స్‌లేషన్‌తో పేర్లు పట్టుకోవచ్చు. ఇలా ఫార్మా తీర్పులు ఓ పదిహేను తిరగేశావంటే జెనరిక్ పక్షాన మళ్లీ మళ్లీ కనబడే పేర్లు కొద్దిగానే ఉన్నాయని నీకే అర్థమవుతుంది. ఆ కొద్దిమందినీ పేటెంట్ అటార్నీల సంఘం వాళ్ల బెన్‌రిషి నావి అనే సైట్‌లో వెతికితే ఎవరి సబ్జెక్టు ఏమిటో, ఆ ప్రత్యేక పరీక్ష పాసయ్యారో లేదో కూడా చూపిస్తుంది. నీ పసుపు రంగు పక్కన ఈ కాలమ్ పెట్టుకో, అప్పుడా షీట్‌కి విలువ వస్తుంది.

ముగ్గురు మిగిలాక ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడు. "మీ అనుభవం ఎంత" అని అడక్కు, బ్రోచర్ చదివి వినిపిస్తారు. తీర్పుల మీద అడుగు. మీరు బల్క్ డ్రగ్, అంటే మందుల్లో వాడే అసలు పదార్థం, చేసేవాళ్లు కాబట్టి మాక్సాకాల్సిటాల్ అనే మందు కేసు తప్పకుండా అడుగు. అది చుగాయి కంపెనీ వాళ్ల ప్రాసెస్ పేటెంట్. పేటెంట్‌లో రాసింది సిస్ నిర్మాణం, జెనరిక్ పక్షం వాడింది ట్రాన్స్ ఐసోమర్, అంటే అవే పరమాణువుల వేరే అమరిక. మాటకి మాట చూస్తే పేటెంట్ పరిధిలోకి రాదు, అయినా ఇది దానికి సమానమేనని ఐపీ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ 2016లో తేల్చింది, 2017 మార్చిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ప్రతివాదుల్లో మందు అమ్మిన జెనరిక్ కంపెనీలే కాదు, దిగుమతి చేసిన సంస్థ కూడా ఉంది. తర్వాత నష్టపరిహారం దావాలో, జెనరిక్ రావడం వల్ల ఒరిజినల్ మందుకి ప్రభుత్వం ధర తగ్గించిందే, ఆ నష్టాన్ని కూడా జెనరిక్ వాళ్ల నెత్తినే వేశారు. "మా రూట్ వేరు, మాకేం కాదు" అని మన ల్యాబుల్లో ధీమాగా అంటుంటారు కదా, ఆ ధీమాకి ఈ తీర్పు తగిన మందు. మీ రూట్ గురించి వినగానే ఈ కేసులో సమానమో కాదో తేల్చిన పరీక్షని మీ స్టెప్పులకి వర్తింపజేసి చూసే లాయరయితే మీకు కావాల్సిన మనిషే. "ప్రాసెస్ వేరైతే పర్లేదు" అని తేల్చేసే వాడైతే నమస్కారం పెట్టి పక్కకి రా.

రెండో ప్రశ్న నాల్ఫురాఫిన్ మీద వెయ్యి. తోరే కంపెనీ దురద మందు, పేటెంట్ గడువు పొడిగించుకున్నారు, పేటెంట్ హక్కు దేనిమీదో చెప్పే క్లెయిమ్‌లో నాల్ఫురాఫిన్ అని ఉంటే మందులో ఉన్నది దాని హైడ్రోక్లోరైడ్ సాల్ట్, అక్కడ మొదలైంది తగువు. జిల్లా కోర్టులో జెనరిక్ వాళ్లు గెలిచారు. 2025 మేలో ఐపీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, సవాయి, ఫుసో రెండు కంపెనీలు కలిపి సుమారు 2,170 కోట్ల యెన్‌లు కట్టాలంది. జపాన్‌లో అంత పెద్ద పేటెంట్ పరిహారం అంతకుముందు లేదు. మందుల పేటెంట్ గడువు అక్కడ ఐదేళ్ల దాకా పొడిగించొచ్చు, పైగా ఒకే పేటెంట్ మీద వేర్వేరు అనుమతులకు వేర్వేరు పొడిగింపులు ఉంటాయి. మీ షీట్‌లో "పేటెంట్ ఎక్స్‌పైరీ" అని ఒకే తేదీ రాశారు చూడు, అది సరిపోదు. ఒపీనియన్ ఇచ్చేవాడు ప్రతి పొడిగింపునూ విడిగా పట్టిక వేసి ఇవ్వాలని ముందే అడుగు.

అమెరికాలో ఒరిజినల్ కంపెనీ పేటెంట్‌ని సవాలు చేస్తూ జెనరిక్ అనుమతి అడిగే పారా ఫోర్ పద్ధతి అనుభవంతో జపాన్‌ని చూడకు. జపాన్‌లో, మొదట సవాలు చేసినవాళ్లకి ఆరు నెలల ఎక్స్‌క్లూజివిటీ బహుమతి లేదు, అనుమతిని ఆపే ముప్పై నెలల స్టే లేదు. పదార్థం మీద, వాడకం మీద ఉన్న పేటెంట్లను ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చేటప్పుడే చూసుకుంటుంది. అదీ చట్టంలో సెక్షన్ కాదు, సర్క్యులర్ల మీద నడిచే పద్ధతి. ప్రాసెస్ పేటెంట్లు ఆ వడపోతలోకి రావు, వాటిని, మందు ప్రభుత్వ ధరల జాబితాలో చేరేలోపు, రెండు కంపెనీలూ తమలో తాము తేల్చుకోవాలి. జెనరిక్స్ ఆ జాబితాలో చేరేది ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి. మీ పార్ట్‌నర్ ఏ జూన్‌ని చూసుకుంటున్నాడో తెలుసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి ఒపీనియన్ పని మొదలుపెట్టించు. మందు అనుమతి కోసం చేసే ప్రయోగాలు ఉల్లంఘన కిందికి రావని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

దావా దాకా వెళ్లకుండా చేయగలిగినవి ఉన్నాయి, మంచి బెన్‌రిషి వాటినే ముందు చెప్తాడు. పేటెంట్‌కి ముందే ఆ సంగతి తెలిసిందని చూపే పాత ఆధారాలు పేటెంట్ ఆఫీసుకి పంపొచ్చు, పేరు చెప్పక్కర్లేదు, ఫీజు లేదు, గ్రాంట్ అయ్యాక కూడా పంపొచ్చు. గ్రాంట్ గెజిట్ వచ్చిన ఆరు నెలల్లోపు ఎవరైనా అపోజిషన్ వేయొచ్చు. ఆ గడువు దాటితే ఇన్‌వాలిడేషన్ ట్రయల్, దానికి మాత్రం ఆసక్తి ఉన్న పార్టీ అయ్యుండాలి, అంటే మీ పేరు బయటపడుతుంది. ఎవరి పేరు మీద ఎప్పుడు వేస్తే మంచిదో అడుగు, ఆ జవాబులోనే మనిషి సత్తా తెలిసిపోతుంది.

ఇక డబ్బు. పేటెంట్ ఆఫీసు ఫీజు పెద్ద బరువేం కాదు, మామూలు అప్లికేషన్‌కి ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ 1,38,000 యెన్‌లు, ప్రతి క్లెయిమ్‌కీ ఇంకో 4,000, పీసీటీ దారిలో వచ్చినవాటికి ఇంకా కాస్త తక్కువే. బిల్లు పెరిగేది అనువాదం దగ్గర. మీ స్పెసిఫికేషన్‌లో, అంటే పేటెంట్ వివరణ పత్రంలో, అరవై ఉదాహరణలుంటే ప్రతి మాటకీ లెక్క పడుతుంది. కొటేషన్ అడిగేటప్పుడు అనువాదం రేటు, అబ్జెక్షన్ లెటర్ మీకు పంపడానికి ఎంత, దాని మీద వ్యాఖ్య రాయడానికి ఎంత, జవాబు వేయడానికి ఎంత అని విడివిడిగా అడుగు. కొన్ని ఆఫీసులు గుర్తుచేసే మెయిల్‌కి కూడా ఛార్జి వేస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి మల్టీ-మల్టీ క్లెయిములు, అంటే పలు క్లెయిముల మీద ఆధారపడుతూ, వాటిలో మళ్లీ అలాంటి క్లెయిమే ఉన్నవి, అక్కడ ఒప్పుకోవట్లేదు, మన డ్రాఫ్టింగ్‌లో అవి మామూలే కదా, ఎంట్రీ రోజే సరిచేయమని చెప్పు, లేదంటే దాని కోసమే ఒక అబ్జెక్షన్ వచ్చి, దానికో బిల్లు వస్తుంది.

గడువుల విషయంలో అక్కడి వాళ్లకి ఆఖరి రోజు అర్ధరాత్రి మెయిల్ నచ్చదు. విదేశీ అప్లికెంట్‌కి అబ్జెక్షన్ జవాబుకి మూడు నెలలు ఇస్తారు, డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు, కానీ మీ సూచనలు కనీసం రెండు వారాల ముందు వాళ్ల చేతికి చేరాలి, వాళ్లు దాన్ని జపనీస్‌లో మళ్లీ రాయాలి మరి. ఏప్రిల్ చివర్నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండగ ఒబోన్, డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా పేటెంట్ ఆఫీసు సెలవు, ఇవి మీ క్యాలెండర్లో ఇప్పుడే గుర్తు పెట్టుకో. మరొకటి, మీ పని రోజూ చూసేది ఎవరో పేరుతో సహా చెప్పించుకో. మొదటి కాల్‌లో సీనియర్ పార్ట్‌నర్ కనబడి, తర్వాత ఆయన జాడే లేకపోవడం జూబ్లీహిల్స్‌లోనూ ఉంది, టోక్యో మరునౌచిలోనూ ఉంది.

ఈ వారం జే-ప్లాట్‌పాట్ పని ముగించు. ఏజెంట్ల పేర్లు, జెనరిక్ పక్షాన కనబడ్డ పేర్లు రెండు కాలమ్‌లుగా వేసి ఆదివారంలోగా పంపు. కాన్‌ఫ్లిక్ట్ మెయిల్ డ్రాఫ్ట్ కూడా దాంతోనే పెట్టు, చూసి ఇస్తాను. మీ అమ్మకి ఫోన్ చెయ్యి, పది రోజులైంది నువ్వు మాట్లాడి అంటోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న